ఫస్ట్ ఎయిడ్ బాక్స్ తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

స్టోర్స్_సీను
గురువారం మా కంపెనీకి కస్టమర్ ఆడిట్ ఉంది. షీట్ మెటల్ పని, రెండు షెడ్లు, రెండు షిఫ్టులు, మొత్తం 120 మంది. "ప్రథమ చికిత్స ఏర్పాట్ల సమీక్ష" అని ఒక ఫారం నా చేతిలో పెట్టి నింపమన్నారు. స్టోర్స్ వాడిని కాబట్టి బాక్స్ నా లెక్కలోకే వస్తుందట. తెరుద్దామని వెళ్తే దానికి తాళం. తాళంచెవి హెచ్ఆర్ మేడమ్ దగ్గర, ఆవిడ సెలవులో. మర్నాడు తెరిస్తే లోపల ఉన్నవి ఇవి: 2021లో గడువు తీరిన టించర్ సీసా, రాయిలా గట్టిపడ్డ దూది, తుప్పు పట్టిన కత్తెర, సగం వాడిన బామ్, దగ్గు మందు, వినాయక చవితి చందా పుస్తకం. గాజుగుడ్డ ఒక్క ముక్క లేదు.

నవ్వొస్తుంది కానీ, పోయిన నెల నైట్ షిఫ్టులో ఒడిశా కుర్రాడికి రేకు కోసే షీరింగ్ మెషిన్ దగ్గర అరచెయ్యి తెగింది. బాక్సుకి తాళం. మెషిన్లు తుడిచే బనియన్ వేస్ట్ చుట్టి ఆటోలో పంపారు. ఆరు కుట్లు పడ్డాయి. ఫారంలో మాత్రం గడి ఒకటే: బాక్స్ ఉందా, లేదా. ఏం రాయమంటారు?

బల్ల_కింద_పిల్లి
ఉంది అని రాయండి. పక్కన చందా పుస్తకం కూడా ఉంది అని రాయండి. ఎక్స్‌ట్రా మార్కులు.

నైట్_షిఫ్ట్_నాగులు
బనియన్ వేస్ట్ మా దగ్గరా అంతే అన్నా. ఆయిల్ వాసనకి సగం నొప్పి మర్చిపోతాం.

సేఫ్టీ_శంకర్
సీనుగారూ, 1948 ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్ ఒకసారి చదవండి. ఒక పేజీ కూడా ఉండదు. ఒక సమయంలో పనిచేసే ప్రతి 150 మందికి తక్కువలో తక్కువ ఒక బాక్స్. బాక్సుకి ఒక బాధ్యుడు ఉండాలి, ఆయనకి రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన ప్రథమ చికిత్స సర్టిఫికెట్ ఉండాలి, ఫ్యాక్టరీ నడిచినంతసేపూ ఆయన అందుబాటులో ఉండాలి. నైట్ షిఫ్టు కూడా ఫ్యాక్టరీ నడిచే సమయమే. హెచ్ఆర్ ఇంటికెళ్లాక ప్రమాదాలు జరగవని చట్టంలో ఎక్కడా రాయలేదు. 500 మంది దాటితే అంబులెన్స్ గది, నర్సింగ్ సిబ్బంది కావాలి, అది మీకు వర్తించదు.

కాబట్టి మీ ఫారంలో ఉంది/లేదు అనే గడి పక్కన మూడు ప్రశ్నలు పెన్నుతో రాసుకోండి. ఎవరు తెరుస్తారు? రాత్రి రెండింటికి ఎవరు తెరుస్తారు? తెరిచాక ఏం చేయాలో ఆయనకి తెలుసా?

విజయవాడ_వీధి
శంకర్ గారూ, 2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి కదా, ఇంకా 45వ సెక్షన్ ఏంటి?

సేఫ్టీ_శంకర్
వచ్చాయి. బాక్స్ అందుబాటులో ఉండాలన్నది కొత్త కోడ్‌లోనూ ఉంది, 500 మందికి అంబులెన్స్ గదీ ఉంది. సెక్షన్ నంబరు మారినంత మాత్రాన రక్తం కారడం ఆగదు కదండీ.

హెచ్ఆర్_అని_తిట్టకండి
అందరూ హెచ్ఆర్ మీద పడకండి. తాళం ఎందుకు వేస్తామో నేను చెబుతాను. తాళం లేకుండా పెట్టిన మొదటి నెలలో బామ్ నాలుగు సార్లు, బ్యాండ్ ఎయిడ్ రెండు డబ్బాలు, కత్తెర ఒకటి మాయం. కత్తెర తర్వాత క్యాంటీన్‌లో పాల ప్యాకెట్లు కోస్తూ దొరికింది. బిల్లు పెడితే అకౌంట్స్ వాళ్లు నన్నే దొంగలా చూశారు. మీరైతే ఏం చేస్తారు?

గుంటూరు_మిర్చి
కత్తెర పాల ప్యాకెట్ల దగ్గరుంటే అసలు తప్పు క్యాంటీన్‌లో కత్తెర లేకపోవడం మేడమ్. బామ్ నాలుగు సార్లు పోయిందంటే అంతమందికి తలనొప్పి వస్తోందని అర్థం. ముందు షెడ్డులో ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చూడండి.

నర్సమ్మ_వైజాగ్
ఒక పెద్ద ఫ్యాక్టరీ వైద్య గదిలో పద్దెనిమిదేళ్లుగా నర్సుని. తాళం గొడవకి మా దగ్గర పనిచేసిన ఉపాయం చెబుతాను. బాక్సుకి తాళం తీసేసి, సన్నటి ప్లాస్టిక్ సీల్ వేస్తాం. లాగితే తెగుతుంది. సీల్ తెగితే ఎవరో వాడారని తెలుస్తుంది, పక్కనే వేలాడే పుస్తకంలో పేరు, టైము, గాయం, ఏం వాడారు అన్నది రాయాలి. బామ్, బిళ్లలు, దగ్గు మందు బాక్సులో అసలు పెట్టం. దొంగతనం తొంభై శాతం అక్కడే ఆగిపోయింది. గాజుగుడ్డ ఎవరూ ఇంటికి పట్టుకెళ్లరు.

ఇక లోపల ఏముండాలి అంటే, స్టెరైల్ డ్రెస్సింగులు చిన్నవి, మధ్యరకం, పెద్దవి, రోలర్ బ్యాండేజీ, త్రికోణపు గుడ్డ, అతికించే టేపు, గ్లవ్స్, మంచి కత్తెర, కళ్లు కడిగే నీళ్ల సీసా. మీది షీట్ మెటల్ కాబట్టి పెద్ద డ్రెస్సింగులు ఎక్కువ పెట్టండి. దూది నేరుగా గాయం మీద పెట్టకండి, పోగులు అంటుకుపోతాయి, తర్వాత తీసేటప్పుడు మేం పడే పాట్లు మీకు తెలియవు.

అరచెయ్యి తెగినప్పుడు చేయాల్సింది ఒకటే. శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి, పది నిమిషాలు ఎత్తకుండా పట్టుకోవాలి. మధ్యలో ఆగిందా అని తీసి చూడకూడదు. గుడ్డ తడిసిపోతే దాని మీదే ఇంకోటి పెట్టి అదమాలి.

పాత_కాపు
మా రోజుల్లో ఇవన్నీ లేవమ్మా. తెగితే కాఫీ పొడి, కాలితే ఇంకు, లేకపోతే గ్రీజు. మేం బతకలేదా?

నర్సమ్మ_వైజాగ్
బతికారు బాబాయ్, మీరు బతికారు కాబట్టే ఇక్కడ రాస్తున్నారు. కాఫీ పొడి, పసుపు, పేస్టు, ఇంకు, ఏవీ వద్దు. గాయంలోంచి ఆ పొడి అంతా కడిగి తీశాకే డాక్టరు కుట్లు వేయగలడు. కాలితే కుళాయి కింద ఇరవై నిమిషాలు నీళ్లు. ఐసు కూడా వద్దు. బొబ్బలు చిదమొద్దు.

పాత_కాపు
ఇరవై నిమిషాలా! మా కాలనీలో కుళాయే పది నిమిషాలు వస్తుంది.

రైస్‌మిల్లు_రాజు
గుడ్డ అదమడం ఎందుకండీ, పైన గట్టిగా తాడు కట్టేస్తే సరి. మా మిల్లులో ఎప్పుడూ అదే.

నర్సమ్మ_వైజాగ్
వద్దండీ. తాడు, వైరు సన్నగా కోసుకుపోతాయి, కింది భాగానికి రక్తం అందదు, కట్టిన టైము ఎవరికీ గుర్తుండదు. ఎంత అదిమినా ఆగని, ప్రాణం మీదికొచ్చే రక్తస్రావానికి మాత్రమే వెడల్పాటి టోర్నికే (రక్తం ఆపడానికి బిగించే పట్టీ), అదీ నేర్చుకున్నవాళ్లు, టైము రాసిపెట్టి కట్టాలి. మామూలు కోతలకి అదిమితే చాలు. పాము కరిచినా ఇంతే, తాడు కట్టొద్దు, కొయ్యొద్దు. మిల్లుల్లో ఎలుకలుంటాయి, ఎలుకల వెనక పాములొస్తాయి కాబట్టి చెబుతున్నా. కరిచిన కాలు కదపకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రెస్_షాప్_ప్రసాద్
మాది పవర్ ప్రెస్సులు. మా వాళ్లలో వేలు పోయినవాళ్లు ముగ్గురున్నారు. ఒకసారి తెగిన వేలుని ఐసు డబ్బాలో నేరుగా వేసి పట్టుకెళ్లాం. డాక్టరు తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తు. అది ఎలా తీసుకెళ్లాలో నర్సమ్మ గారు ఒకసారి రాస్తే ప్రింటు తీసి గోడకి అంటిస్తాను.

నర్సమ్మ_వైజాగ్
తెగిన భాగాన్ని శుభ్రమైన తడి గాజుగుడ్డలో చుట్టాలి. ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి గట్టిగా మూతి కట్టాలి. ఆ కవర్ని ఐసూ నీళ్లూ ఉన్న ఇంకో కవర్లో పెట్టాలి. ఐసు వేలికి తగలకూడదు, తగిలితే కణాలు గడ్డకట్టి చచ్చిపోతాయి. కవరు మీద పేరు, తెగిన టైము రాయండి. రెండూ ఒకే బండిలో పంపండి. నవ్వకండి, మనిషిని ఒక బండిలో, వేలుని ఇంకో బండిలో పంపినవాళ్లని నేను చూశాను.

ఐటీ_కూలీ
మీకు కనీసం బాక్సుంది. మాది పద్నాలుగో అంతస్తు. పోయిన ఏడాది ఒకాయన మీటింగులో కుప్పకూలాడు. 108 త్వరగానే వచ్చింది. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు విజిటర్ పాస్ అడిగారు, ఓటీపీ ఎవరి నంబరుకి రావాలని అడిగారు! తర్వాత సర్వీస్ లిఫ్టులో స్ట్రెచర్ పట్టలేదు. ఆయన అదృష్టం, షుగర్ పడిపోయి పడ్డాడు, గుండె కాదు. ఆ తర్వాత మేము పెట్టుకున్న సమీక్షలో డబ్బా గురించి ఒక్క మాట లేదు, అంతా గేటు, లిఫ్టు గురించే.

బల్ల_కింద_పిల్లి
ఓటీపీ చెప్పేదాకా గుండె ఆగాలి, సారీ, ఆగకూడదు.

డల్లాస్_బాబు
ఇక్కడ మా వేర్‌హౌస్‌లో గోడకి ఏఈడీ (గుండె ఆగి పడిపోయినవాళ్లకి షాక్ ఇచ్చే మిషన్) ఉంటుంది, నెలకోసారి దాని పచ్చ లైటు వెలుగుతోందో లేదో చూసి సంతకం పెట్టాలి. ఇండియాలో ఇంత పెద్ద ఐటీ కంపెనీలు కూడా పెట్టుకోవా?

ఐటీ_కూలీ
ఉంది బాబూ, రిసెప్షన్‌లో. దాని ముందు పూలకుండీ ఉంది.

కరెంటు_కనకయ్య
మిషన్ ఎక్కడున్నా ముందు చేతులు మొదలవ్వాలి. మనిషి పలకట్లేదు, ఊపిరి మామూలుగా లేదు అంటే 108కి ఫోన్ పెట్టి స్పీకర్‌లో ఉంచి, ఛాతీ మధ్యలో అరచేయి మడమ పెట్టి నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120, లోతు రెండు అంగుళాలు. నోటితో ఊదడం రాకపోతే వదిలేయండి, నొక్కుడు మాత్రం ఆపొద్దు. రెండు నిమిషాలకి చేతులు పడిపోతాయి, మనిషి మారాలి. నేను లైన్‌మ్యాన్‌గా ఉన్నప్పుడు ఒకసారి చేశాను, అవతలివాడు బతికాడు, ఇప్పటికీ సంక్రాంతికి అరిసెలు పంపుతాడు.

ఇంకోటి, షాక్ కొడితే ముందు మెయిన్ ఆపండి. పట్టుకుని లాగబోయి ఇద్దరూ పోయిన ఇళ్లు నాకు తెలుసు.

గోదారి_గట్టు
మాది రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు. బాక్సులో గాజుగుడ్డ కంటే మాకు అమ్మోనియా భయం ఎక్కువ. కంట్లో పడితే వెంటనే నీళ్లు, కనీసం పదిహేను ఇరవై నిమిషాలు ఆపకుండా. అందుకే కళ్లు కడిగే కుళాయి పెట్టారు. పోయినసారి తనిఖీలో చూస్తే దాని ముందు థర్మకోల్ డబ్బాలు ఛాతీ ఎత్తు పేర్చి ఉన్నాయి. జాగా లేదట. కంట్లో పడినవాడు ముందు డబ్బాలు సర్దాలి!

పరవాడ_ప్రొడక్షన్
మాకు దానికంటే పెద్దది. ఫార్మా యూనిట్. ఒంటి మీద యాసిడ్ పడితే కడుక్కునే సేఫ్టీ షవర్ ముందు ఏ అడ్డూ లేదు, పచ్చ బోర్డు ఉంది, ప్రతి సోమవారం లాగి చూసి సంతకం చేస్తారు. అయితే ఆ సంతకం పొద్దున ఏడింటికి. ఒక మే నెల మధ్యాహ్నం మూడింటికి ఎవరో తెరిస్తే నీళ్లు సలసలా! ట్యాంకు డాబా మీద ఎండలో ఉంది. పైపు కూడా ఎండలోనే. యాసిడ్ కాలిన చర్మం మీద ఆ నీళ్లు పోస్తే ఏమవుతుందో ఊహించుకోండి. ఏడాదిగా సోమవారం సంతకాలు మాత్రం నిండుగా ఉన్నాయి. ఇప్పుడు ట్యాంకు మీద రేకు వేసి, పైపుకి వేడి తగలకుండా చుట్టు చుట్టాం, పరీక్ష మధ్యాహ్నం చేస్తున్నాం.

ఇంకో మాట. మేం హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వాడతాం కాబట్టి ఆ యాసిడ్ పడిన చోట రాసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ అక్కడే పెట్టుకుంటాం. అది మామూలు బాక్స్ లిస్టుల్లో ఉండదు. ఏ పని చేస్తున్నారో చూసుకుని సామాను పెట్టుకోవాలి కానీ, ఇంటర్నెట్‌లో దొరికిన లిస్టు కాదు.

సేఫ్టీ_శంకర్
ఇది బంగారం లాంటి పోస్టు. సీనుగారూ, మీ ఆడిట్ ఎలాగూ గురువారం. ఈలోగా ఒక పని చేయండి. మిగతావాళ్లకి చెప్పకుండా ఒకరిని దూరం షెడ్డులో నేల మీద పడుకోబెట్టండి, చేతికి ఎర్ర గుడ్డ కట్టండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి. నిజంగా 108కి చేయనివ్వకండి, నంబరు నొక్కే ముందు మీరు ఆపండి. మిగతాదంతా జరగనివ్వండి. ఏ ఫారం చెప్పనిది ఆ పది నిమిషాలు చెబుతుంది.

స్టోర్స్_సీను
చేశాం. మంగళవారం మధ్యాహ్నం, మేనేజరు ఒప్పుకున్నాక. రెండో షెడ్డులో మా హెల్పర్ని పడుకోబెట్టాం. వాడు నటనలో జీవించేశాడు, ఒకామె నిజంగానే ఏడ్చింది. లెక్క ఇదీ.

మొదటి నిమిషం: పద్దెనిమిది మంది చుట్టూ చేరారు. ఇద్దరు వీడియో తీశారు. ఒకాయన వాడి చేతిలో తాళాలగుత్తి పెట్టాడు (ఫిట్స్ అనుకున్నాడట).
రెండు నుంచి నాలుగు: ముగ్గురు సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశారు. ముగ్గురికీ ఎంగేజ్, ఎందుకంటే ముగ్గురూ ఒకేసారి చేస్తున్నారు.
ఐదో నిమిషం: సూపర్‌వైజర్ వచ్చి బాక్స్ తెమ్మన్నాడు. బాక్స్ మొదటి షెడ్డులో, రెండు వందల మీటర్ల అవతల.
తొమ్మిదో నిమిషం: బాక్స్ వచ్చింది. తాళంచెవి రాలేదు.
పదకొండు నిమిషాల ఇరవై సెకన్లు: గాయం మీద మొదటి గుడ్డ పడింది.
108 అన్న మాట ఎత్తినవాడు ఒక్కడే, అప్రెంటిస్ కుర్రాడు. అడ్రస్ చెప్పరా అంటే ఫేజ్ చెప్పాడు, ప్లాట్ నంబరు తెలియదు. అక్కడ ఉన్నవాళ్లలో ఒక్కరికీ తెలియదు. నాకూ తెలియదు, ఆరేళ్లుగా డెలివరీ చలాన్ల మీద చూస్తూనే ఉన్నాను. గేటు దగ్గరికెళ్తే రేకు చుట్టలు తెచ్చిన లారీ అడ్డంగా ఉంది, డ్రైవరు టీకి వెళ్లాడు.

బల్ల_కింద_పిల్లి
ఈసారి నవ్వు రాలేదు.

నర్సమ్మ_వైజాగ్
తాళాలు పెట్టినాయన్ని తిట్టకండి, ఊరంతా నమ్మే మాట అది. ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము, నోట్లో స్పూను, ఏవీ వద్దు. చుట్టూ గట్టి వస్తువులు జరిపి, తల కింద మెత్తటిది పెట్టి, కొట్టుకోవడం ఆగాక పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. ఐదు నిమిషాలు దాటితే 108.

పాత_కాపు
108 ఇక్కడ మొదలైంది 2005 ఆగస్టు 15న. అంతకుముందు మా పారిశ్రామికవాడలో మనిషికి ఏమైనా అయితే పాల వ్యాను ఆపేవాళ్లం. ఇప్పుడు ఫోన్ కొడితే వచ్చే బండి ఉంది, ప్లాట్ నంబరు తెలియక అది తిరుగుతూ ఉంటే ఎంత అన్యాయం! గేటు మీద నిలువెత్తు అంకెలు రాయించు సీనూ. నంబరు పక్కన వీధి గుర్తు కూడా, గుడో వేబ్రిడ్జో ఏదుంటే అది.

ప్రెస్_షాప్_ప్రసాద్
బాబాయ్ మొదటిసారి కాఫీ పొడి లేని పోస్టు పెట్టాడు.

హెచ్ఆర్_అని_తిట్టకండి
సీనుగారి లెక్క చదివి మా ఆఫీసులో తాళం తీసేశాను. నర్సమ్మ గారి సీల్ పద్ధతి పెడుతున్నాను. ఒక్క అనుమానం, మా ట్రైనర్ ఇంగ్లిష్‌లో స్లైడ్లు చూపించి వెళ్తాడు. ఇరవై మంది సంతకాలు పెడతారు. మా వాళ్లు సగం బిహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు.

నైట్_షిఫ్ట్_నాగులు
సంతకం ఏ భాషలో పెట్టినా సంతకమే మేడమ్, అందుకే నడుస్తోంది.

సేఫ్టీ_శంకర్
సెయింట్ జాన్ అంబులెన్స్, రెడ్ క్రాస్ వాళ్లని అడగండి, బొమ్మ మీద నొక్కించి నేర్పిస్తారు. సర్టిఫికెట్ మూడేళ్లకి గడువు తీరుతుంది, టించర్ సీసా లాగే. స్లైడ్లు తగ్గించి, ఒక ఒడియా మేస్త్రీకి ముందు బాగా నేర్పించండి, మిగతావాళ్లకి ఆయన నేర్పుతాడు. షిఫ్టుకి ఒక్కరు సరిపోరు, ఇద్దరుండాలి. ఆ ఒక్కరికే దెబ్బ తగలొచ్చు కదా.

స్టోర్స్_సీను
ఆడిట్ అయిపోయింది. ఆడిటర్ బాక్స్ తెరిచి నాలుగు వస్తువుల గడువు తేదీలు చూశారు, ఫారంలో టిక్ పెట్టారు, నాలుగు నిమిషాలు పట్టింది. డ్రిల్ కాగితం చూపిస్తే "ఇది మా చెక్‌లిస్టులో లేదు, కానీ కాపీ ఇవ్వండి" అన్నారు. అదీ గొప్పే.

ఇప్పటికి అయినవి: ప్రతి షెడ్డులో ఒక బాక్స్, సీలుతో. చట్టం లెక్కలో ఒకటే చాలని అకౌంట్స్ అన్నారు, రెండు వందల మీటర్లు పరిగెత్తి చూపించమన్నాను. గేటు మీద ప్లాట్ నంబరు పడింది. లారీకి గీత గీశాం. నైట్ షిఫ్టు నుంచి ఇద్దరు ట్రైనింగుకి వెళ్తున్నారు, అందులో ఒకడు ఆరు కుట్లు పడిన కుర్రాడు, వాడే అడిగాడు.

అనుకోనిది ఒకటి జరిగింది. బాక్స్ పక్కన పుస్తకం పెట్టిన రెండు వారాల్లో తొమ్మిది రాతలు పడ్డాయి. ఏడు ఒకే చోట, షీరింగ్ పక్కన స్క్రాప్ ట్రాలీ దగ్గర. వెళ్లి చూస్తే ట్రాలీ అంచు విరిగి బ్లేడులా లేచి ఉంది. గ్రైండర్ పట్టి, పైన రబ్బరు బీడింగ్ వేశాం. వంద రూపాయలు కూడా కాని పని. ఇన్నాళ్లూ మా వాళ్లు టేపు చుట్టుకుని పని చేసుకుంటూ పోయారు, స్టోర్స్‌లో టేపు అంత ఎందుకు అవుతోందని నేను ఇండెంట్లు (సామాను కావాలని అడిగే చీటీలు) కోస్తూ కూర్చున్నాను.

పరవాడ_ప్రొడక్షన్
ఇండెంట్లు కోయడం ఆపండి మరి.

సేఫ్టీ_శంకర్
ఆ పుస్తకం చిన్న గాయాలకే సుమా. మనిషి 48 గంటలు, ఆపైన పనికి రాలేని దెబ్బ అయితే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కి మేనేజరు నోటీసు పంపాలి. ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) ఉంటే అక్కడా ప్రమాదం రిపోర్టు పెట్టాలి. ఆరు కుట్ల కుర్రాడి విషయంలో పంపారా?

స్టోర్స్_సీను
లేదు. అడిగితే "చిన్నదే కదా" అన్నారు. వాడు పన్నెండు రోజులు రాలేదు. ఈఎస్ఐ నంబరు ఉంది. రేపు మళ్లీ అడుగుతాను, ఈసారి మెయిల్‌లో.

నైట్_షిఫ్ట్_నాగులు
మీ రాత్రి డ్రిల్ ఎప్పుడు, అన్నా? మధ్యాహ్నం అందరూ హుషారుగా ఉంటారు. తెల్లవారుజామున మూడింటికి చేయండి, అప్పుడు తెలుస్తుంది.

స్టోర్స్_సీను
చేస్తాం. తేదీ ఇక్కడ మాత్రం రాయను, మా నైట్ సూపర్‌వైజర్ కూడా ఈ చర్చ చదువుతున్నాడు.

బల్ల_కింద_పిల్లి
హాయ్ సూపర్‌వైజర్ గారూ. తాళంచెవి ఎక్కడుందో చూసుకోండి.

స్టోర్స్_సీను
తాళమే లేదని చెప్పానుగా.

బల్ల_కింద_పిల్లి
బండి తాళంచెవి సార్. 108 రాకముందే ఆసుపత్రికి బయల్దేరాల్సి వస్తే?

స్టోర్స్_సీను
...అది రాసుకుంటున్నాను.